గోరు మీద రంగు చుక్క

మా అక్క ఆడవాళ్ల పార్లర్‌లో జుట్టుకు రంగు వేసేది. గిన్నెలో రంగు కలిపాక ఒక చుక్క తన ఎడమ బొటనవేలి గోరు మీద పెట్టుకుని, కిటికీ దగ్గరికెళ్లి చూసుకునేది. కుదిరిందనిపిస్తేనే కుర్చీలో ఉన్నవాళ్ల తల ముట్టుకునేది. ఆ గోరు ఎప్పుడూ నల్లగానే ఉండేది. అందుకే దాని మీద వచ్చిన నిలువు గీతను అక్కతో సహా ఎవరూ పట్టించుకోలేదు.

గోరు చీలాక వీధి చివరి డాక్టరు ఫంగస్ అని పూతమందు ఇచ్చాడు. రాస్తూనే ఉంది. గీత వెడల్పయింది. నలుపు గోరు దాటి చర్మంలోకి పాకింది. అప్పుడు పెద్దాసుపత్రికి లాక్కెళ్లాను.

చర్మం డాక్టరమ్మ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"రంగేనండీ. మా పనే అంత," అంది అక్క.

"రంగయితే గోరుతో పాటు పెరిగి చివరికి పోతుందమ్మా. ఇది గోరు మొదట్లోంచే వస్తోంది."

గోరు తీసి, కింద చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. మెలనోమా అని తేలింది. నల్లమచ్చల క్యాన్సరు ఇలా గోటి కింద రావడం అరుదట. వేలు కణుపు దాకా తీసేయాలన్నారు.

"ఆ వేలు లేకుండా జుట్టు పాయ ఎలా పట్టుకోనే?"

"పళ్లతో పట్టుకుందువుగాని. ముందు సంతకం పెట్టు."

"వచ్చినవాళ్ల తలలు కొరకమంటావు," అంటూ పెట్టింది.

వేలు పోయింది. కొన్నాళ్లకు చంకలో గడ్డ తేలింది. ఇక నరంలోకి ఎక్కించే మందులు, స్కానింగులు, ప్లాస్టిక్ కుర్చీల్లో ఎదురుచూపులు. గడ్డ తగ్గింది, మళ్లీ ఊపిరితిత్తుల్లో కనబడింది. ఓపిక లేక ఇద్దరం మాట్లాడుకోవడం కూడా తగ్గించేశాం.

ఒక మధ్యాహ్నం మంచం మీంచి నన్ను ఎగాదిగా చూసింది. "ముగ్గుబుట్టలా ఆ తలేంటే? చూసినవాళ్లు నువ్వే రోగివనుకుంటారు. గిన్నె తే."

రంగు నాచేత కలిపించింది. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చాపి, ఆగింది.

"నీ గోరు ఇటివ్వు."

చుక్క పెట్టి, నా వేలు వెలుతురుకేసి తిప్పి చూసింది. "ఫరవాలేదు. నీ మొహానికి ఇది చాలు."

సగం తల వేసేసరికి అలిసిపోయింది. మిగతా సగం నేనే వేసుకున్నాను.

అక్క పోయాక ఆ చుక్క, డాక్టరమ్మ చెప్పినట్టే, గోరుతో పాటు జరుగుతూ వచ్చింది. అంచుకు చేరాక కూడా చాలా రోజులు గోరు కత్తిరించలేదు.