రెండు చేలు, ఒక బోరు

కోమలి చిత్తూరులోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అంతర్జాతీయ సంబంధాలు బోధిస్తుంది. అరాచకం అంటే అల్లకల్లోలం కాదని, దేశాల మీద తీర్పు చెప్పి అమలు చేయించే అధికారం లేకపోవడమేనని మొదటి తరగతిలోనే చెబుతుంది. అటువంటి చోట భయం తప్పదని, ఒకరు ఆత్మరక్షణకు చేసిన పని ఎదుటివారికి దాడిలా తోస్తుందని వాస్తవికవాదులు అంటారు. రేపూ ఎల్లుండీ మళ్లీ ఎదురుపడవలసినవారు నియమాలు పెట్టుకుని, సంగతులు దాచకుండా చెప్పుకుంటే సహకారం నిలుస్తుందని ఉదారవాదులు అంటారు.

కోమలి మనసు ఉదారవాదుల వైపే. అందుకు ఊళ్లోనే ఆధారం ఉండేది. ఆమె నాయన గురప్పకూ, పక్క చేను మునికృష్ణకూ పదకొండేళ్లుగా గట్టు మీది ఒకటే బోరు. మోటారు పెట్టె తాళంచెవి దినం మార్చి దినం చేతులు మారేది. వేరే బోరు ఎవరూ వేయరాదని కాగితం రాసింది కోమలే. అనుమానం వస్తే ముందు అడగాలని మాత్రం రాయలేదు.

ఈ వేసవిలో, కోమలి సెలవులకు ఊళ్లో ఉండగా, నీళ్లు సన్నగిల్లాయి. ఒక ఉదయం, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీటిజాడ చూసే కుప్పయ్య మునికృష్ణ చేలో గట్టు దగ్గర తిరుగుతూ గురప్ప కంటబడ్డాడు.

"సూసినావా? మనకు తెలీకుండా బోరు ఏసేదానికి సిద్ధమైనాడు," అన్నాడు కూతురితో.

"మునికృష్ణ మామను ఒక మాట అడుగు నాయనా."

"అడిగితే నిజం సెప్తాడా? ఆయన ఏసినంక మనం ఆ టెంకాయ కొట్టుకోని తినాల్సిందే."

సాయంత్రానికి గురప్ప పిలిపించిన బోరు బండి ఆయన చేలోకి వచ్చింది. కోమలి అడ్డుపడలేదు. తొమ్మిది వందల అడుగుల దాకా దుమ్మే లేచింది. మూడోనాడు మునికృష్ణ కూడా తన చేలో వేయించాడు. వారంపాటు నీళ్లు వచ్చి ఆగిపోయాయి. వాటితోపాటే గట్టు మీది బోరూ ఎండింది.

తాళంచెవి గురప్ప ఇంట్లోనే ఉండిపోయింది. వంతు మునికృష్ణది కావడంతో కోమలి తీసుకెళ్లింది.

"దేనికి అమ్మణ్ణీ? గాలి పట్టేదానికా?" అన్నాడు మునికృష్ణ. గొంతు తగ్గించాడు. "పాత బోరునే ఇంకా లోతుకు దించితే ఇద్దరికీ నీళ్లు పడతాయేమోనని కుప్పయ్యను పిలిపించినాను. మీ నాయన ఒక్క మాట అడగలేదు."

"నువ్వైనా ముందు సెప్పుంటే, మామా?"

"సెప్పాల్సిన పని ఉంటాదని అనుకోలేదు. పదకొండేళ్లు గదా."

ఆయన తాళంచెవి తీసుకోలేదు. కోమలి గట్టు వెంబడి తిరిగొచ్చింది. రెండు చేలలోనూ టమాటా పైరు కాయలతోనే వాడిపోతోంది.

"ఏమన్నాడు?" అన్నాడు గురప్ప.

"ఏమీ అనలేదు నాయనా."