తలుపు లేని గది

నిన్న హోసూరు బస్టాండు బయట ఒకామె గంపలో గడ్డి పరిచి సెందూర మామిడిపళ్ళు అమ్ముతుంటే, ఎండుగడ్డీ పండూ కలిసిన ఆ వాసనకు ఆగిపోయి, మనసులో ఒక పాత లెక్క తీశాను. వేప్పనపల్లి పక్కన మా ఊళ్ళో, నా చిన్నప్పటి ఒక్క ఎండాకాలంలో మా ఇంట్లో పోయినవి: మాగేసిన కాయల్లో సగం, మా చిన్నమ్మ ఎడమచేతి చిటికెన వేలి కదలిక, జూజువాడిలో ఆమె అత్తవారింటితో రాకపోకలు, ఒక తలుపు.

మా నడిమి గదికి కిటికీ లేదు. ఎండలు ముదిరాక తాత కాయలు దించి, గడ్డి మీద వరసలుగా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి, వేడి బయటికి పోకుండా తలుపు మూసి గొళ్ళెం పెట్టేవాడు. నాకు లెక్క వచ్చింది బడిలో కాదు, ఆ వరసలు ఎంచుతూనే. అవ్వ ఓళిగలు చేసి మామిడి రసం పోసే రోజు కోసం మేం పిల్లలం తలుపు సందుకు ముక్కులు ఆనించి వాసన పీలుస్తూ కాచుకుని ఉండేవాళ్ళం.

ఆ ఏడు కాయలు మాగేసిన మర్నాడే చిన్నమ్మ చేతికి కొంగు చుట్టుకుని ఒంటరిగా బస్సు దిగింది. పెనం తగిలిందని అంది, అంతకు మించి చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళ కంట పడకూడదని అవ్వ ఆమెను ఆ గదిలోనే ఓ మూల పడుకోబెట్టి, కాయల కోసం ఎప్పట్లాగే బయట గొళ్ళెం పెట్టింది. ఆ చప్పుడైతే చాలు, చిన్నమ్మ వణికిపోయేది. అన్నం ముట్టేది కాదు. గాలి సోకిందనుకుని అవ్వ వేపాకు పొగ వేసి, పొగ పోకుండా తలుపు ఇంకా గట్టిగా మూసింది.

చెయ్యి వాచిపోయింది. ఆసుపత్రికి కదలకపోతే తాత ఆరోగ్య కేంద్రం నర్సమ్మను పిలుచుకొచ్చాడు. దూది బయటికి తీయగానే చిన్నమ్మ గోడకు ఒదిగింది. నర్సమ్మ దగ్గరికి పోకుండా గడప మీద కూర్చుని, ఆమె ఎటు చూస్తోందో చాలాసేపు గమనించింది. చిన్నమ్మ చూపు పుండు మీద లేదు, గొళ్ళెం మీద ఉంది.

“ఆడ అత్తింట్లో కూడా ఇట్లే బయట గొళ్ళెం పెడతా ఉండ్రా, అమ్మా?”

చిన్నమ్మ తలూపింది. అవ్వ చేతిలోని పొగ పళ్ళెం కింద పెట్టేసింది.

“ఈ తలుపు ఊడదీయప్పా,” అంది నర్సమ్మ.

“తీస్తే కాయ మాగదమ్మా. ఇల్లు గడిచేది దీంతోనే.”

“కాయ మళ్ళా ఏడాదికి వస్తుంది. ఈ చెయ్యి ఇంకో వారం ఆగదు.”

తాత కాయల వంక చూస్తూ నిలబడి నిలబడి, చివరికి గడ్డపార తెచ్చాడు.

మర్నాటినుంచి నర్సమ్మ గడప మీద కూర్చుని, “కట్టు విప్పనా అమ్మా?” అని అడిగి ఆగేది. చిన్నమ్మ తలూపకపోతే సంచి సర్దుకుని రేపొస్తానని లేచేది. వాపు పైకి పాకుతోందని తాత వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. మూడో నాడు చిన్నమ్మ తానే చెయ్యి చాపింది.

ఒక మధ్యాహ్నం కట్టు సగంలో ఉండగా ఆమె మొగుడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అలవాటు కొద్దీ అవ్వ పీట వాల్చబోయింది. నర్సమ్మ కట్టు ఆపకుండా చిన్నమ్మనే అడిగింది. “లోపలికి రమ్మందామా, అమ్మా?”

ఇంటికొచ్చిన అల్లుణ్ణి రమ్మనాలా వద్దా అని మా ఇంట్లో ఆడపిల్లను అడగడం అదే మొదలు. అతను నవ్వాడు. “దాన్నేమి అడిగేది నర్సమ్మా, దానికి నోరు యాడుంది?”

మాగకుండా కుళ్ళిన కాయల మీద ఈగలు ముసురుతున్నాయి.

“వద్దు,” అంది చిన్నమ్మ. ఆ గదిలోకి వచ్చాక ఆమె పలికిన మొదటి మాట అదే. తాత పోయి వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు, అతను వెళ్ళేదాకా కదల్లేదు.

చెయ్యి మానింది, చిటికెన వేలు మాత్రం వంగదు. తాత ఆ తలుపును కొట్టం గోడకు ఆనించి, “నువ్వు పెట్టమన్నినాడు పెడతానమ్మా,” అన్నాడు.

ఇప్పుడు తాతా అవ్వా లేరు. కాయలు పచ్చివే లారీలెక్కి పోతున్నాయి, ఇళ్ళల్లో మాగేసేవాళ్ళు లేరు. నిన్న కొన్న పళ్ళు తీసుకుని చిన్నమ్మ దగ్గరికి పోయాను. ఇప్పటికీ ఆ గదిలోనే, వాకిలి కనబడేలా మంచం వేసుకుని పడుకుంటుంది.

“తలుపు పెట్టిద్దామా చిన్నమ్మా? దొంగలు పడతారు.”

“ఏముందని పడతారు? వచ్చేవాడు కనబడాల, అంతే,” అంది పండు పిండుతూ.

కొట్టం గోడకు ఆ తలుపు ఆనించినట్టే ఉంది, గొళ్ళానికి తుప్పు పట్టింది. తాత మాట ప్రకారం మేం ఆమెకు ఇంకా పెట్టాల్సిన తలుపులు: ఒకటి.