చెరువులో పోయని మందు

గుడివాడలో మా టైలరింగ్ షాపులో వసుంధర వదిన కత్తెర పట్టుకుందంటే ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. జాకెట్టు బిగుతుగా కావాలని మొండికేసే పెళ్లికూతుళ్లను కూడా "ఊపిరాడాలి కదమ్మా" అని కొలత మార్పించి పంపుతుంది. ఆ వదినకు నిరుడు రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది. ఆరు కీమోలు రాశారు, నాలుగు అయ్యాయి. జుట్టంతా ఊడిపోయినా తలకు చున్నీ చుట్టుకుని రోజుకు మూడు జాకెట్లు కత్తిరిస్తోంది.

పరామర్శకు వచ్చే చుట్టాల్లో ఒక్కరూ ఊరకే పోరు. ఒకరు ఏవో ఆకులు నూరి తాగమంటారు, ఇంకొకరు ఫోన్లో వీడియోలు చూపిస్తారు. నాకు ఒళ్లు మండేది. వదిన మాత్రం "చూస్తాలెండి" అని నవ్వి ఊరుకునేది.

వదిన వాళ్ల అన్నయ్య పిచ్చేశ్వరరావు గారి దగ్గర ఆ నవ్వు పనిచేయలేదు. తండ్రి పోయాక ఆమెను చదివించి పెళ్లి చేసింది ఆయనే. కృత్తివెన్నులో రొయ్యల చెరువులు చేస్తారు. ఓ గురువారం మధ్యాహ్నం ఐదు లీటర్ల క్యానుతో షాపుకొచ్చారు. లోపల నల్లటి కషాయం. ఎవరో వైద్యుడు నలభై రోజుల్లో జబ్బు ఆనవాలు లేకుండా చేస్తాడట.

"ఒక్కటే పత్యం అమ్మా. ఇంగ్లీషు మందు ఆపెయ్యాలి. సోమవారం కీమోకి విజయవాడ వెళ్లొద్దు."

నా మిషన్ ఆగిపోయింది. అన్నయ్య మాటను ఆమె ఏనాడూ కాదనలేదు. పైగా ఆయన కళ్లలో నీళ్లు.

"నువ్వట్టా వాంతులు చేసుకుంటా పడుంటే చూళ్లేకపోతన్నానే" అన్నారు. ఆయన మోసగాడు కాదు, బాగా భయపడిన మనిషి.

వదిన మూత తీసి వాసన చూసింది.

"ఇందులో ఏముంది అన్నయ్యా?"

"అది చెప్పకూడదంట."

"నీ చెరువులో చచ్చిన రొయ్య కనపడితే ముందేం చేస్తావు?"

"నీళ్లూ రొయ్యలూ ల్యాబుకి పంపుతా."

"రిపోర్టు రాకముందే ఎవడన్నా ఇట్టాంటి క్యాను తెచ్చి పొయ్యమంటే?"

ఆయన క్యాను మూత బిగించారు. నాలుగేళ్ల కిందట ఎవరో చెప్పారని అలాగే పోశారు. పెద్ద చెరువు మొత్తం పోయింది. అప్పటినుంచి రిపోర్టు చూడందే ఆయన చెరువులో గ్లాసుడు మందు కూడా పడదు.

"నా రిపోర్టులు డాక్టరు గారి దగ్గరున్నాయి. నువ్వు కోప్పడినా సోమవారం వెళ్తాను. భయం నాకూ ఉంది, నీకంటే ఎక్కువే ఉంది. అందుకే వెళ్తాను. ఈ క్యాను తీసుకెళ్లి మీ ల్యాబులోనే అడుగు."

ఆయన క్యాను పట్టుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం వదిన ఏడ్చింది. అన్నయ్య ఇక నా గడప తొక్కడేమో అంది. అయినా సోమవారం ఇవ్వాల్సిన జాకెట్లన్నీ ఆదివారానికే కుట్టి పెట్టేసింది.

సోమవారం పొద్దున బస్టాండుకు వెళ్లడానికి ఆటో కోసం ఇద్దరం వాళ్ల గుమ్మంలో నిలబడ్డాం. ఆటో రాలేదుగానీ పిచ్చేశ్వరరావు గారి కారు వచ్చి ఆగింది. దిగి, చెల్లెలి చేతిలోని ఆసుపత్రి ఫైలు అందుకున్నారు.

"ల్యాబులో ఏమన్నారు అన్నయ్యా?"

ఆయన ఆమె వంక చూడకుండా కారు తలుపు తీశారు.

"పేరు తెలీని మందు చెరువుకే వద్దన్నారమ్మా. ఎక్కు, టైమవుతోంది."