తప్పంతా గొట్టానిదే

హార్లన్ పికెట్ దేన్నీ నమ్మడు. చెరో చేతికీ ఒక గడియారం కట్టుకుంటాడు, ఒకదాని మీద ఒకదాన్ని కాపలా పెట్టినట్టు. రెండూ ఒకే టైము చూపించాయంటే అవి కూడబలుక్కున్నాయని ఆయన అనుమానం. వాన పడుతుందని రేడియో చెబితే కోటు ఇంట్లో వదిలేసి బయల్దేరతాడు. తడిసి ముద్దయి వచ్చాక కూడా, రేడియో చెప్పింది పొరపాటున నిజమైందంటాడు తప్ప నమ్మడు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుంటే ఆయన ఒక కన్ను తెరిచి ఉంచుతాడు. ఎందుకని పాస్టరు అడిగితే, "మీరు మూసుకున్నారో లేదో చూస్తున్నా" అన్నాడట.

ఇవన్నీ లొరీన్ స్టబుల్‌ఫీల్డ్‌కి ముచ్చటగానే ఉండేవి, ఆయన తన కొట్టు మెట్లెక్కనంత వరకు. ఓజార్క్ కొండల్లోని ఆ ఊరికి మేకులూ, మేతా, తుపాకులూ అన్నీ ఆమె కొట్లోనే. హార్లన్ చంకలో ఒక చెక్క కడ్డీతో దిగుతాడు. దాని మీద పద్దెనిమిది అంగుళాల దగ్గర కత్తితో పెట్టిన గంటు. షాట్‌గన్ గొట్టం అంతకంటే వెంట్రుకవాసి తగ్గినా అది పెట్టుకున్నవాళ్ల మీద కేసే. కంపెనీ వేసిన అంకె హార్లన్‌కి పనికిరాదు. గొట్టం వెనక మూసే బోల్టుకి తగిలేదాకా కడ్డీ గొట్టంలోకి దించుతాడు. గంటు లోపలికి మునిగితే సరే, బయటే ఉండిపోతే గొట్టం పొట్టిది.

ఆ ఏడు డోవీ కెచమ్ ముసలమ్మ మేకలు ఈనడం మొదలవగానే కొయోటీ నక్కలు మంద చుట్టూ చేరాయి. ఆమె మొగుడు వదిలిపోయిన తుపాకీ ట్రక్కులో అడ్డం తిరగనంత పొడుగు. పొట్టిగా, ప్రతిసారీ చేత్తో లాగకుండా తనంతట తానే తూటా ఎక్కించుకునే తుపాకీ కావాలంది. అత్తకి చేతకాకపోతే మందని అమ్మేస్తానని మేనల్లుడు రాయిస్ అప్పటికే బేరగాణ్ణి కూడా చూసిపెట్టాడు. మోసపోకుండా ఉండాలని ఆమె హార్లన్‌ని వెంటబెట్టుకొచ్చింది.

లొరీన్ ఒక్కో తుపాకీ ఖాళీగా ఉందని చూసి మరీ అందించింది. డోవీ భుజానికి ఆనించడం, హార్లన్ కడ్డీ దించడం, "పొట్టి" అని పెదవి విరవడం. బల్ల మీద ఉన్నవన్నీ పొట్టివేనట. మర్నాడు లోపలి గదిలోంచి తెచ్చినవి కూడా పొట్టివేనట. దేశంలోని కంపెనీలన్నీ కలిసి డోవీని జైల్లో వేయించడానికి కుట్ర పన్నాయా అని లొరీన్ అడిగితే, ఆ సంగతి తనకూ తట్టిందన్నాడు.

ఇంతలో రాయిస్ ఒక పాత సెమీ ఆటోమేటిక్ తుపాకీ పట్టుకుని వచ్చాడు. గొట్టం మీద సుద్దముక్కతో గీత గీసి ఉంది. అక్కడికి కోసేస్తే అత్తకి చేతికి అందుతుందట, రంపం కావాలట. పద్దెనిమిదిన్నర మిగిలేట్టు తనే కొలిచాడట.

"బోల్టు మూసి కొలిచావా, తెరిచి కొలిచావా?" అన్నాడు హార్లన్.

"తెరిచే. ఖాళీ అయితే అదే తెరుచుకుని ఉంటుందిగా, పెద్దాయనా."

హార్లన్ బోల్టు తెరిచి ఉండగా కడ్డీ దించాడు. తీసి, బోల్టు మూసి, మళ్లీ దించాడు. కడ్డీ ఈసారి రెండంగుళాలు పైనే ఆగిపోయింది.

"ఆ రెండంగుళాలూ గొట్టం కాదు నాయనా, తుపాకీ పొట్ట. నువ్వు కోసుంటే మీ అత్త కోర్టుకెక్కేది."

రాయిస్ మొహం మాడ్చుకుని బయటికి పోయాడు. వాణ్ణి ఓదార్చడానికి డోవీ వెళ్లింది. హార్లన్ కాఫీ ఇవాళ్టిదేనా అని కెటిల్ మూత తీసి వాసన చూస్తున్నాడు. లొరీన్‌కి ఒళ్లు మండి, ఆ కడ్డీ అందుకుని, ఆయన కాదన్న తుపాకులన్నీ బోల్టు మూసి కొలిచింది. అన్నిట్లోనూ గంటు మునిగింది.

"ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి," అంది.

"తెలుసు." ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "డోవీ భుజానికి ఆనించినప్పుడల్లా కన్ను ముడుచుకోవడం చూళ్లేదూ? భుజానికి ఆనే కర్ర పొడవై మెడ కొంగలా సాచింది. ఆ మాట పైకంటే రాయిస్ రేపే మేకల్ని తోలుకుపోతాడు. గొట్టాన్ని అంటే గొట్టానికేం పోయింది?"

"నా కొట్టు పరువు పోయింది."

"అన్నది నేను కదా. ఎవరు నమ్మారు?"

లొరీన్ వాటిలోకెల్లా మెత్తగా తన్నేదాన్ని ఎంచి, దాని కర్ర విప్పి, పిల్లల సైజు కర్ర బిగించింది. మొత్తం పొడవు చట్టం అడిగే ఇరవయ్యారు అంగుళాలు దాటిందని హార్లన్ రెండుసార్లు చూసుకున్నాడు.

డోవీ రాయిస్‌ని వెంటబెట్టుకుని తిరిగొచ్చి, తుపాకీ ఆనించింది. దవడ కర్ర మీద ఒదిగింది, కన్ను ముడుచుకోలేదు. హార్లన్ కడ్డీ దించి, నొప్పి పుట్టినట్టు నిట్టూర్చి, సరిపోయిందన్నాడు.

"ఇది నిన్న పొట్టిదన్నదే కదూ?" అంది డోవీ. రాయిస్ తలెత్తాడు.

హార్లన్ కడ్డీ మీది గంటుని బొటనవేలితో రుద్దాడు. లొరీన్ మాట అందుకుంది.

"నిన్న ఈయన బోల్టు తెరిచి కొలిచాడు, డోవీ."

బోల్టు తెరిచి కొలిస్తే గొట్టం పొడుగు తేలాలి గానీ పొట్టి తేలదని రాయిస్‌కి తట్టలేదు. హార్లన్ ఎడమ చేతి గడియారం చూసుకున్నాడు, కుడి చేతిది చూసుకున్నాడు.

"అవును," అన్నాడు చివరికి. "పొరపాటైంది."

రాయిస్ మొహం వెలిగిపోయింది. అత్త తుపాకీ తనే మోస్తూ, హార్లన్ భుజం మీద చెయ్యి వేసి, ముందు బోల్టు ఎందుకు మూయాలో ట్రక్కు దాకా ఓపిగ్గా చెప్పుకుంటూ నడిచాడు. మేకల మాటే ఎత్తలేదు. హార్లన్ బుద్ధిగా తలూపుతూ, "అలాగా" అంటూ విన్నాడు.