బాబాయ్ పైకి చెప్పిన కొలతలు

మా అక్క ఏడవగా నేను ఒక్కసారే చూశాను. కొట్టు వెనక గదిలో, పట్టపగలు, వేరేవాళ్ళ కోటు చేతుల్లో పట్టుకుని ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా కళ్ళు తుడుచుకుని పనిలో పడ్డ మనిషి. 

మాది బట్టలు కుట్టే కొట్టు. ముందు గదిలో కౌంటరు, నిలువుటద్దం, వెనక గదిలో నాలుగు కుట్టుమిషన్లు. నాన్న తర్వాత అక్కే నడుపుతోంది. నేను కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను, అడక్కపోయినా సలహాలిస్తాను. గుడ్డ కత్తిరించేది నాన్నకి సొంత తమ్ముడు, మా బాబాయ్. కస్టమరు వస్తే బాబాయ్ టేపు చుట్టి కొలత పైకి చెప్తాడు, అక్క పుస్తకంలో రాసుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. అలాంటి పుస్తకాలు పద్నాలుగయ్యాయి. వాటిని బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. ఆ బీరువాలో తన చొక్కాలకి కాస్త చోటిమ్మని బావ అడిగితే, వీల్లేదు పొమ్మంది.

కొట్టుని పెద్దది చెయ్యాలని అక్క కోరిక. అందులో తప్పేం లేదు. ఫోన్లో నొక్కితే బట్టలు గుమ్మంలోకి వచ్చి పడుతున్న రోజులు, చేతులు కట్టుకు కూర్చుంటే షట్టరు దించేసుకోవాల్సిందే. వ్యాపారం పెంచడం ఎలాగో నేర్పే రెండ్రోజుల క్లాసుకి వెళ్ళొచ్చి, కంప్యూటరుతో నడిచే కటింగ్ మిషన్ కొనేసింది. కొలతలు ఎక్కిస్తే గుడ్డని అదే కోసేస్తుంది. క్లాసులో రాసుకున్న మాటొకటి పెద్ద అక్షరాలతో గోడకి అంటించింది: "మనిషి తలలో ఉన్నది పోతుంది. మిషన్‌లో ఉన్నది ఉంటుంది."

బాబాయ్ అది రెండుసార్లు చదువుకున్నాడు.

"పెద్దమ్మాయ్, ఆ పుస్తకాల్లో అంకెలు ఉన్నవున్నట్టు ఎక్కించకు. నన్ను పక్కన కూర్చోబెట్టుకో, ఒక్కో పేరూ చూసి..."

"బాబాయ్, అంకె అంటే అంకే కదా. ఇన్నాళ్ళూ నిలబడి నిలబడి నీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంట్లో హాయిగా కూర్చో."

మర్యాదగానే అంది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. బాబాయ్ మెళ్ళో టేపు తీసి చుట్టచుట్టి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎప్పుడూ ఊరుకోని నా నోరు ఆ రోజే ఊరుకుంది.

తర్వాత వారమే అక్క ఎదురుచూస్తున్న పని వచ్చింది. రెండు వీధుల అవతల స్కూలుకి యాభై ఏళ్ళు నిండుతున్నాయట. శనివారం సాయంత్రం సభ. ఇరవై ఆరుగురు టీచర్లకి ముదురు నీలం కోట్లు కావాలి. నచ్చితే ఏటా పిల్లల యూనిఫాంలు కూడా మాకేనన్నారు హెడ్మాస్టరు. అదొక్కటి దక్కితే కొట్టు నిలబడినట్టే. టీచర్లందరూ మా పాత కస్టమర్లే, కొలతలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. మళ్ళీ కొలిచే పనే లేదంది అక్క. మిషన్ ఇరవై ఆరు కోట్ల గుడ్డా ఒక్క పూటలో కోసి పడేసింది. మేం గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాం. అప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు.

గురువారం పొద్దున స్టాఫ్ రూములో తొడిగి చూసుకున్నారు. ముందు డ్రిల్లు మాస్టారు తొడుక్కున్నారు. చెయ్యి పైకెత్తబోతే చంక దగ్గర చిరిగిన చప్పుడు. లెక్కల టీచరుగారికి గుండీ కాజా దాకా రానేలేదు. అయినా లాగిపెట్టారు. గుండీ తెగి ఎగిరి హెడ్మాస్టరుగారి టీ గ్లాసులో పడింది. వాళ్ళు నవ్వారు. మాకు నిలువుగుడ్లు పడ్డాయి. ఇరవై అయిదు కోట్లు బిగుతు. ఒక్క సైన్సు టీచరుది మాత్రం బాగా వదులు. ఆవిడ వీపు వెనక ఎక్కువైన గుడ్డని గుప్పిట్లో పట్టుకుని, గబగబా విప్పేసి, "నాది బాగానే ఉందండీ" అనేసింది. నాకు వింతగా అనిపించింది గాని, ఆ గోలలో పట్టించుకోలేదు.

"శనివారం మధ్యాహ్నానికి సరిచేసి ఇస్తారా, మా దారి మేం చూసుకోమంటారా?" అన్నారు హెడ్మాస్టరు, టీలోంచి గుండీ తీస్తూ.

కొట్టుకొచ్చి కుట్లు విప్పి చూశాం. బాబాయ్ అయితే కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేవాడు. మిషన్ గుడ్డ ఆదా చేసింది. వదులు చేద్దామంటే లోపల గుడ్డే లేదు.

అక్క చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బాబాయ్ ఇంటికి పరిగెత్తింది. వెనకే నేను. ఆయన వరండాలో కూర్చుని పాత పేపర్లని చొక్కా చేతుల్లా కత్తిరిస్తున్నాడు. చేతులూరుకోవాలి కదా.

"బాబాయ్, అన్నీ బిగుతైపోయాయి."

"అవుతాయి మరి."

"అంటే? నీకు తెలుసా?"

"నలుగురి ముందు నడుము నలభై నాలుగని అరిస్తే మనిషి చిన్నబోడూ? నలభై అని పైకి చెప్పి, నలభై నాలుక్కి కోసేవాణ్ణి. మీ నాన్న నేర్పిన పద్ధతే."

"ఎంతమందికిలా?"

"కొట్టు మెట్లెక్కిన ప్రతివాళ్ళకీ."

 ఇరవై ఏళ్ళు, పద్నాలుగు పుస్తకాలు, బీరువాకి తాళం. అన్నీ అబద్ధాలే! నాకు నవ్వొచ్చింది. అక్క గుమ్మం పట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను కదమ్మా. అంకె అంటే అంకే అన్నావు."

అక్క ముఖం మాడిపోయింది. చిన్న గొంతుతో అడిగింది: "మరి... నాది?"

బాబాయ్ ఇంటికప్పు వంక చూశాడు. "పదండి, పదండి. టైమవుతోంది."

వచ్చీ రాగానే దారి చూపించాడు. కోటుకి రెండు పక్కలా, చంక నుంచి అంచు దాకా బూడిదరంగు పట్టీ వెయ్యాలి. చూసేవాళ్ళకి అదొక ఫ్యాషన్. పట్టీ వెడల్పు మాత్రం ఎవరిది వాళ్ళకే. పేరు చదివితే చాలు, ఎవరికి ఎన్ని అంగుళాలో తడుముకోకుండా చెప్పేస్తున్నాడు. డ్రిల్లు మాస్టారి కుడిభుజం పల్లమని కూడా చెప్పాడు. అక్క ఒక చేత్తో పిన్నులు గుచ్చుతూ, ఇంకో చేత్తో అసలు కొలతలు కంప్యూటర్లో ఎక్కిస్తోంది. ఆ వేగం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నానికి సైన్సు టీచరు పేరొచ్చింది. బాబాయ్ ఆగిపోయాడు.

"ఇది ఎక్కించొద్దు."

"మళ్ళీ మొదటికొచ్చావా బాబాయ్? ఇకమీదట నిజమే ఉండాలి అందులో."

బాబాయ్ లేచి మమ్మల్ని వెనక గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. "రెండు నెలల క్రితం జాకెట్టుకి వచ్చిందా అమ్మాయి. టేపు చుడితే, నేను పైకి చెప్పే అంకె కన్నా కూడా ఆరంగుళాలు తగ్గింది. వయసులో ఉన్న మనిషి ఊరికే అలా కరిగిపోదు. పక్కన తోటి టీచర్లిద్దరున్నారు. నా ముఖంలోకి చూసింది. నోరు తెరిచి ఏమీ అడగలేదు. నేను పాత అంకె చెప్పాను, నువ్వు రాసుకున్నావు. జాకెట్టు మాత్రం సరిపోయేలా కోశాను. ఏం జబ్బో నేనడగలేదు. నీ కంప్యూటరు కౌంటరు మీద అందరికీ కనపడేలా పెట్టావు కదా. ఆవిడంతట ఆవిడ చెప్పినరోజు ఎక్కిద్దాం."

అక్క ఆ కోటు చేతిలోకి తీసుకుంది. అందరి మధ్యా దాన్ని వదులుగా తొడిగించింది తనే. వీపు వెనక ఆ గుప్పిట నాకు గుర్తొచ్చింది. అక్క కోటులో ముఖం దాచుకుని భోరుమంది.

"నేను ఒక్క మాట వినుంటే బాబాయ్... ఒక్క మాట!"

"ఇప్పుడు విన్నావుగా. కత్తెరిలా ఇవ్వు" అన్నాడాయన. ఆ కోటు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, కుట్టడం కూడా తనే కుట్టాడు.

శనివారం పన్నెండింటికి ఇరవై అయిదు కోట్లు స్కూలుకి పంపించాం. పట్టీలు చూసి హెడ్మాస్టరు మురిసిపోయారట. ఇరవై ఆరోది పంపలేదు. "కొంచెం పనుంది, రాగలరా?" అని అక్క ఫోన్ చేస్తే సైన్సు టీచరు ఒక్కతే కొట్టుకొచ్చింది.

అద్దం ముందు నిలబడి తొడుక్కుంది. అలవాటుగా చెయ్యి వీపు వెనక్కి వెళ్ళింది. పట్టుకోడానికి అక్కడేమీ లేదు. ఆమె ముఖంలో రంగు పోయింది.

"ఈ కోటుకి నన్నెవరూ కొలవలేదే... ఇంకా... ఇంకెవరికి తెలుసు ఇది?"

అక్క కిందపడ్డ పిన్నులు ఏరడానికి వంగింది. నేను గుండీల డబ్బాలో తల దూర్చాను. బాబాయ్ మాత్రం టేపు చుట్టుకుంటూ, చాలా మామూలుగా అన్నాడు:

"ఎవరికీ తెలీదమ్మా. మిషన్ కోసింది."

ఆమె వెనక గదిలోకి తొంగి, మిషన్ వైపు చాలాసేపు చూసింది. మూడు రోజులుగా దాని మీద కప్పిన దుప్పటి మేమసలు తియ్యనేలేదు.

"మంచి మిషన్ కొన్నారండీ" అంది అక్కతో.

"అవునండీ" అంది అక్క. ఆమె అటు వెళ్ళగానే కంప్యూటరు తెరని గోడవైపు తిప్పేసి, బాబాయ్‌కి కుర్చీ లాగింది.