మా ఆయన ఎక్కని కొండలు

మా చర్చి మాసపత్రికలో మూడో పేజీ మా ఆయనది. పైన ‘పర్వత ధ్యానం’ అని పెద్దక్షరాలు, అడుగున ‘అమృతరాజు, ఛాంపియన్ రీఫ్స్’ అని చిన్నక్షరాలు. ఆ రెంటి మధ్య ఆయన ఎక్కిన ఒక కొండ, దాని శిఖరం మీద సూర్యోదయం, ఆ సూర్యోదయంలో దేవుడు ఆయనతో అన్న మాట. నెలకొక కొండ చొప్పున పదకొండేళ్ళలో నూటముప్ఫై రెండు కొండలు. కోలారు జిల్లా అంతా గాలించినా అన్ని దొరకవు. ఒకసారి రాసిన కొండను మళ్ళీ రాయకూడదని ఆయనకొక నియమం ఉంది. అందుకని చాలనివాటిని ఆయనే సృష్టించుకున్నాడు. ఆవగింజంత విశ్వాసముంటే కొండ కదులుతుందంటారు. మా ఆయన విశ్వాసానికి కదిలించడం చాల్లేదు, కొత్తవి మొలిపించింది.

నేను ఆయన భార్యను, క్యాథరిన్‌ను. ఒక బడి ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు టైపు కొట్టి రిటైరయ్యాను కాబట్టి, ఆ ధ్యానాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే భాగ్యం నాకే దక్కింది. అందువల్ల దేవుడికీ నాకూ మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. మా ఆయన పుట్టి అరవై రెండేళ్ళయింది, అందులో ఒక్కరోజు కూడా ఒక్క కొండ ఎక్కలేదు.

ఎక్కలేడు. ఎత్తంటే ఆయనకు చచ్చేంత భయం. ఇంట్లో బల్బు పోతే స్టూలెక్కేది నేను. ఆయన కింద నిలబడి స్టూలు కాళ్ళు పట్టుకుంటాడు, పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే ఆ అమ్మ తాను ఎగిరిన సంగతి నెలనెలా అచ్చు వేయించుకోలేదు.

విచిత్రమేమిటంటే, కిందికి దిగమంటే ఈయనంత ధైర్యవంతుడు లేడు. ఇరవయ్యో ఏట మా ఊరి బంగారు గనిలో చేరాడు. పద్దెనిమిదేళ్ళు రోజూ ఇనుప బోనులో నిలబడి వేల అడుగుల లోతుకు దిగాడు. చీకట్లో, ఉక్కలో, ఏ బండ ఎప్పుడు పగిలి మీద పడుతుందో తెలియని చోట పనిచేసి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చేవాడు. రెండువేల ఒకటిలో గనులు మూసేశాక రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఇనుప సామాన్ల అంగట్లో కుదిరాడు. అక్కడ కూడా అటక మీది సరుకు దించాలంటే ఇంకొకరిని పిలుస్తాడని యజమాని నాతో గుట్టుగా చెప్పాడు, నాకేదో తెలియనట్టు.

ఆయన దగ్గరగా చూసిన కొండ ఒక్కటే, మా ఇంటి వెనకాలి సైనైడు దిబ్బ. బంగారం తీసుకున్నాక పారబోసిన రాతిపొడి నూరేళ్ళు పోగుపడి కొండయింది. గాలి లేచిన రోజు ఆ కొండే మా ఇంట్లోకి వస్తుంది, చెంబుల్లోకి, చారులోకి కూడా. దానిమీద మాత్రం ఆయన ఒక్క ధ్యానం రాయలేదు. నిజంగా ఉన్న కొండంటే ఆయనకు చులకన.

పదకొండేళ్ళ కిందట పాస్టరుగారు పత్రికలో ఒక పేజీ మిగిలిపోయిందని, ప్రకృతి గురించి ఏదైనా రాసిమ్మని అడిగారు. గోడమీద ఎవరో ఇచ్చిన క్యాలెండరు ఉంది, నెలకొక పర్వతం బొమ్మతో. మా ఆయన దానికెదురుగా కుర్చీ వేసుకున్నాడు. కాఫీ చల్లారేలోపల ఒక మంచుకొండ ఎక్కి దిగాడు.

“కోలారులో మంచు యాడుండాది?” అన్నాను టైపు చేస్తూ.

“కోలారని రాయలేదు గదా.”

“కింద మీ పేరు పక్కన ఛాంపియన్ రీఫ్స్ అని ఉండాదే.”

“విశ్వాసముండేవాళ్ళు అట్లాంటివి అడగరు, క్యాథీ” అన్నాడు.

నిజంగానే ఎవరూ అడగలేదు. దూరపు కొండలు నునుపు కదా, చదివేవాళ్ళకు బాగా నచ్చాయి. దేవదారు చెట్ల గాలి గురించి చదివి మా సంఘంలో ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. దేవదారు చెట్టు ఎట్లుంటుందో ఆయన చూడలేదు, వాళ్ళూ చూడలేదు, కాబట్టి పేచీ రాలేదు. ఆయనకు బండ కనిపిస్తే విశ్వాసం, వాగు కనిపిస్తే కృప, మబ్బు కనిపిస్తే శోధన. కోతికి మాత్రం ఇంతవరకు అర్థం దొరకలేదు, అందుకని ఆయన కొండల్లో కోతులుండవు. యువజన సంఘం పిల్లలు ఏటా వచ్చి, ట్రెక్కింగుకు పిలుచుకుపొమ్మని బతిమాలేవారు. ఒక క్రిస్మస్‌కు ఆయనకు కొండలెక్కే బూట్లు కూడా బహుమతిచ్చారు. వాళ్ళు వచ్చినప్పుడల్లా ఆయనకు మోకాలి నొప్పి తగులుకునేది. చాలా క్రమశిక్షణ గల నొప్పి, పిల్లలు గేటు దాటగానే పోయేది.

మొన్న జనవరిలో ఒక పెళ్ళికి పోతూ, బైరకూరు దిక్కున బస్సు కిటికీలోంచి ఒక కొండ చూశాడు. గద్దబండ అంటారట దాన్ని. ఆ నెల ధ్యానం దానిమీదే. ఆఖరి వాక్యాలు నాకు కంఠతా వచ్చు: ‘ఆ శిఖరముపై నిలిచి నేను దేవుని ఒకే ఒక ప్రశ్న అడిగితిని. ఆయన నాకు జవాబిచ్చెను.’ ప్రశ్న ఏమిటో, జవాబేమిటో లేదు. పేజీ అయిపోయింది.

పత్రిక పంచిన ఆదివారం మధ్యాహ్నమే ఫ్లోరా మా ఇంటికొచ్చింది.

ఫ్లోరా మా లైన్లోనే నాలుగిళ్ళ అవతల ఉంటుంది, బట్టలు కుడుతుంది. భర్త డెరిక్ బెంగళూరులో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉండేవాడు. ఈ ఊళ్ళో సగం మందిలాగే తెల్లారకముందే రైలెక్కి పోయి, సాయంత్రం రైల్లో తిరిగొచ్చేవాడు. మూడేళ్ళ కిందట ఒకరోజు అట్లా తిరిగొస్తూ, కూర్చున్నచోటే గుండె ఆగి పోయాడు. ఆ రద్దీలో ఎవరికీ తెలియలేదు, నిద్రపోతున్నాడనుకున్నారు. ఛాంపియన్ స్టేషన్లో దిగాల్సిన మనిషిని రైలు చివరి స్టేషన్ మారికుప్పం దాకా మోసుకుపోయింది. అక్కడ బోగీ ఊడ్చేవాళ్ళు లేపబోతే తెలిసింది.

అప్పటినుంచి ఫ్లోరా చర్చికి వస్తుంది గానీ పాట పాడదు. ఆఖరి బెంచీలో కూర్చుని ముందే లేచిపోతుంది. మా సంఘంవాళ్ళు ఓదార్చడంలో ఎవరికీ తీసిపోరు. ‘డెరిక్ నా ఒళ్ళో ఉన్నాడు’ అని దేవుడు నాతో చెప్పాడమ్మా అని ఒకామె. తెల్లబట్టల్లో ఉన్నాడు, దేవుడు నాకు కలలో చూపించాడమ్మా అని ఇంకొకాయన. దేవుడు సంఘంలో అందరికీ ఫోను చేసి, ఫ్లోరా నంబరు మాత్రం పోగొట్టుకున్నాడన్నమాట.

“అన్నా, నాకూ ఒక ప్రశ్న ఉండాది” అంది గుమ్మంలోనే నిలబడి. చేతిలో పత్రిక చుట్టచుట్టి ఉంది. “నీకు జవాబిచ్చిన తావుకి నన్ను పిల్చుకోని పో. ఆడ కూడా యేమీ రాకపోతే నేను ఇంగ చర్చికి రాను. దేవుడూ వద్దు, యేమీ వద్దు. నాకు బేజారైపోయింది.”

మా ఆయన నావైపు చూశాడు. చెయ్యి మోకాలిదాకా పోయింది కూడా. నేను పదకొండేళ్ళుగా ఇట్లాంటి రోజు కోసమే కాచుకుని ఉన్నాను.

“శనివారం పోదాం లే ఫ్లోరా. దారంతా మీ అన్నకి తెలుసు గదా” అన్నాను. పాపం చేస్తున్నానని తెలుసు. సంతోషంగానే చేశాను.

శనివారం పొద్దున ముళబాగిలు దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. ఫ్లోరా దారికి చిత్రాన్నం కట్టుకొచ్చింది. మా ఆయన ఏమీ తినలేదు, ఉపవాసమన్నాడు. కొండ మొదట్లో పూతకొచ్చిన మామిడితోట ఉంది. తోట యజమాని చిన్నవెంకటప్ప మేకలకు ఆకు కోస్తూ, మా ఆయన బూట్లు చూసి ముచ్చటపడ్డాడు. అవి అప్పుడే పెట్టెలోంచి బయటికొచ్చిన బూట్లు.

“పైకా?” అన్నాడు. “ఆదివారమొస్తే బెంగుళూరోళ్ళు వస్తారు. పైన యేముందప్పా అని అడిగితే ప్రశాంతత ఉండాది అంటారు. నేను మేకలెనకాల దినామూ ఎక్కుతాను, నాకు యాడా అగుపడలేదు. మీరు ముందెప్పుడన్నా వచ్చినారా?”

“ఈయన వచ్చినారు లేప్పా, సూర్యోదయం చూసేదానికి” అన్నాను.

“సూర్యోదయమా? తూరుపున పెద్దబెట్ట కొండ అడ్డం ఉండాది గదమ్మా. ఈడ ఎండ వచ్చేతలికి తొమ్మిదైతాది.”

మా ఆయన బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. చాలాసేపు కట్టుకున్నాడు.

పొదలున్నంతవరకు పరవాలేదు, పక్కన ఎంత లోతుందో కనబడదు. ముప్పావుగంట నడిచాక పొదలు అయిపోయి నున్నటి బండ వచ్చింది. దానిమీద మేకకాళ్ళకు సరిపడేంత ఏటవాలు దారి. ఫ్లోరా చెప్పులు చేతపట్టుకుని చకచకా పోయింది. నేను కొంగు దోపుకుని ఆమె వెనకాల. మా ఆయన నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి కిందికి చూశాడు.

ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తర్వాత చేతులు ఆనించాడు. ఆఖరికి బండమీద బోర్లా పడుకుని దాన్ని కావలించుకున్నాడు. నూటముప్ఫై రెండు శిఖరాలు జయించిన మనిషి మొదటి కొండ సగంలో చేసిన పని అది.

“యేమన్నా, ప్రార్థన చేస్తా ఉండావా?” అంది ఫ్లోరా పైనుంచి. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

ఔనంటే సరిపోయేది. ఔనంటాడనే నేను అనుకున్నాను. ఆయన ముఖం బండకు ఆనించే ఉంచి మాట్లాడాడు.

“లేదమ్మా. భయం. నేను ఈ కొండకి రానేలేదు ఎప్పుడూ. యే కొండా ఎక్కలేదు. క్యాలెండరు చూసి రాసినాను.”

పదకొండేళ్ళు దాచిపెట్టుకున్న నవ్వు నాకు రాలేదు. అరవై రెండేళ్ళ మనిషి కాళ్ళు కొత్త బూట్లలో టకటకా కొట్టుకుంటున్నాయి. నామీద నాకే అసహ్యం వేసింది. వేడుక చూద్దామని తీసుకొచ్చింది నేనే.

ఫ్లోరా దిగివచ్చి ఆయన తల దగ్గర చతికిలబడింది.

“అయితే జవాబు?”

“రాలేదు.”

“ప్రశ్నన్నా అడిగినావా?”

“అడిగినానమ్మా. గని మూసినప్పుడు అడిగినాను. మాకు బిడ్డలు కలగరని డాక్టరు చెప్పినప్పుడు అడిగినాను. కొండమీద కాదు, ఇంట్లోనే కూర్చోని. నాతో ఒక్క మాట కూడా అనలేదు దేవుడు. అందరికీ చెప్తా ఉంటాడంట. నాకు చెప్పలేదని చెప్పుకునేదానికి సిగ్గయ్యింది. అందుకే కొండమీద చెప్పినాడని రాస్తా వచ్చినాను.”

ఇది నాకు తెలియదు. నేను టైపు కొట్టినదాంట్లో ఎక్కడా లేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, అదే ప్రశ్న నేనూ అడిగి, నాకూ ఏమీ వినిపించలేదని ఆయనతో ఒక్కసారీ చెప్పలేదు. ఆయన రాతలో తప్పులు మాత్రం శ్రద్ధగా దిద్దాను.

ఫ్లోరా చేతిలోని చెప్పులు బండమీద పెట్టింది. లేచి నేరుగా ఇంటికి పోతుందనుకున్నాను.

“నాకూ అంతే అన్నా” అంది. “ఒక్క మాటా లేదు. లోకంలో నా ఒక్కదానికే లేదనుకున్నాను.” ఆయన వీపుమీద చెయ్యి వేసింది. “అదురుతా ఉండావు. సుమ్మనే పడుకో, లేయొద్దు. నేను ఈడనే ఉంటాను.”

అట్లా కూర్చుని తన ప్రశ్న చెప్పింది, దేవుడికి కాదు, బండకు అతుక్కుపోయిన మా ఆయనకు.

“అంతమంది ఉండే రైల్లో ఆయన ఒక్కడే పోయినాడు గదన్నా. ఒక్కరన్నా ఆయన్ని చూసినారా లేదా? అదే నా ప్రశ్న, ఇంగేమీ లేదు. పోలీసోళ్ళు కూడా ఆయన సామాన్లు ఇచ్చేటప్పుడు ఎవురిదో తుండుగుడ్డ కలిపి ఇచ్చేసినారు. మాది కాదయ్యా అంటే వినలేదు. పోయినోడంటే అంత అలుసు.”

మా ఆయన తల కొంచెం ఎత్తాడు. అంగట్లో సరుకు గురించి విచారించినట్టే అడిగాడు.

“ఆ గుడ్డ యాడ దొరికిందంట?”

“తలకింద. మడిచి పెట్టి ఉండిందంట, కిటికీ కమ్మీకి ఆనించి.”

“డెరిక్‌ది కాదా?”

“కాదన్నా. ఆయనది బ్యాగులోనే ఉండింది.”

“మరి మడిచి పెట్టిందెవురు?”

ఫ్లోరా ఆయన ముఖం చూడడానికి వంగింది.

“పక్కన కూర్చున్నోడు పెట్టింటాడమ్మా” అన్నాడు మా ఆయన. “నిద్రపోతా ఉండాడు, తల కొట్టుకుంటాదని. వాడి ఊరు వచ్చినాక, లాక్కుంటే మనిషి లేస్తాడేమోనని, ఆ గుడ్డ ఆడనే వదిలేసి దిగిపోయింటాడు.”

దేవుడి పేరు ఎత్తుతాడేమోనని భయపడ్డాను, ఎత్తలేదు. ఫ్లోరా ఆయన వీపుమీద చెయ్యి తీయకుండానే, తల మోకాళ్ళమీద పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. మూడేళ్ళలో ఆమె అట్లా ఏడవడం నేను చూడలేదు. నేను పోయి మా ఆయనకు ఆ పక్కన కూర్చున్నాను.

ఎండెక్కాక మా ఆయన మెల్లగా అన్నాడు, “నువ్వు పైదాకా పోయి రా అమ్మా. క్యాథీ తోడు వస్తాది. నేను ఈడనే ఇట్ల పట్టుకోని ఉంటాను.”

ఫ్లోరా ముక్కు చీది, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన్ని లేపడానికి రెండు చేతులూ చాచింది.

“వద్దన్నా, దిగుదాం. ఆ తుండుగుడ్డని ట్రంకు అడుగున పడేసినాను, ఉతకను కూడా లేదు. ఇప్పుడు పోయి ఉతికితే, రేపు చర్చికి పోయే పొద్దుకి ఆరుతాది.”