నాయిన కూర్చున్న చివరి చాప

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక, హైదరాబాదులో లా చదువుతున్న మనవరాలు వికారాబాదులోని మా ఇంట్లో అన్నం తింటూ, చట్టం చేసినంత మాత్రాన సర్కారుకు మనిషి ఒంటిమీద హక్కు రాదని, ఆ చట్టమే న్యాయమైనదా కాదా అని కోర్టు అడగవచ్చని చెప్పుకుపోతుంటే, నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. అలా అడిగే దిక్కులేని ఎమర్జెన్సీ రోజులు, మా నాయిన గుర్తుకొచ్చారు.

నాయిన తాండూరు నాపరాళ్ళ గనిలో రాయి కొట్టేవారు. మా చర్చి సంఘానికి పెద్ద కూడా ఆయనే కాబట్టి, తెల్లగుడ్డ కప్పిన రొట్టె పళ్ళెం పట్టుకుని ప్రభు బల్ల దగ్గర నిలబడితే, వారమంతా రాతిదుమ్ములో ఉండే మనిషి ఈయనేనా అనిపించేది. ఒకరోజు పని ఉందని లారీ ఎక్కించుకున్నవాళ్ళు కూలీలందరినీ కుటుంబ నియంత్రణ క్యాంపుకు తీసుకుపోయి, వద్దని మొత్తుకున్నా వినకుండా ఆపరేషన్ చేసి పంపారు. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు నాయిన.

ఆపరేషన్ చేయించుకుంటే రేడియో ఇస్తామని అప్పట్లో సర్కారోళ్ళు ఆశపెట్టేవాళ్ళు. నీళ్ళకు పోతే బావి దగ్గర ఆడవాళ్ళు, "ఏం పిల్లా, మీ నాయినకు రేడియో ఇచ్చిండ్రా, ఉత్తచేతులతోనే తోలిండ్రా?" అని నవ్వేవాళ్ళు. బిందె నిండకముందే తల దించుకుని వచ్చేసేదాన్ని.

అంతకంటే పెద్ద సిగ్గు చర్చిలో ఎదురైంది. మగతనం చెడిన మనిషి సమాజంలో చేరరాదని మోషే ధర్మశాస్త్రంలో ఉన్న మాటను నాయిన తనకు అన్వయించుకున్నారు. ప్రభువు రొట్టె పంచే సంస్కారం రోజున పళ్ళెం అందుకోకుండా, తలుపు పక్కన చివరి చాప మీద కూర్చున్నారు. పాస్టరుగారు ముందుకు రమ్మంటే, "నేనింక పనికిరాను అయ్యగారూ, గీడనే కూసుంట" అన్నారు. ఎవరూ లేచి ఆయన చెయ్యి పట్టుకోలేదు. అధ్యాయాలకు అధ్యాయాలు కంఠతా వచ్చిన సంఘం మాది. అలాంటివారినే తన మందిరంలోకి చేర్చుకుంటానని దేవుడు యెషయా ప్రవక్త చేత పలికించిన సంగతి ఒక్కరికీ నోటికి రాలేదు. పళ్ళెం ఇంకొకరి చేతికి పోయింది. కన్నుమూసేదాకా నాయిన ఆ రొట్టె ముట్టలేదు.

ఇదంతా విని మనవరాలు, "తప్పు సర్కారుదైతే ముత్తాత ఎందుకు ఎనక కూసుండె అమ్మమ్మా?" అని అడిగింది. సర్కారు ఒకసారి కోసి వదిలేసింది, ఆ సిగ్గును ఆయన చేత బతికినంత కాలం మోయించింది మేమే.

మా కాలంలో ఇంట్లో ఆపరేషన్ అన్న మాట అనాలంటే తలుపు వేసుకునేవాళ్ళం. ఈ పిల్ల అందరి ముందూ తలెత్తి మాట్లాడుతోంది. చర్చిలో చాపలు పోయి బెంచీలు వచ్చాయి. అయినా సంస్కారం రోజున నా చూపు తలుపు పక్కకే పోతుంది, రొట్టె కోసం చెయ్యి చాపాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.